వాయుయానముల వర్గీకరణము: విజ్ఞానకోశమున వానికి తగిన చోటు

విజ్ఞానకోశమునకు వ్యాసము వ్రాయుట ఒక పని. ఆ వ్యాసమునకు తగిన చోటు చూపుట వేఱొక పని. మొదటిదానికి శాస్త్రజ్ఞుడు చాలును. రెండవదానికి శాస్త్రజ్ఞానముతోపాటు తర్కమును, భాషాజ్ఞానమును కావలెను. ఆకాశమున ఎగురు యంత్రములను తరగతులుగా విభజించి, ఒక్కొక్క తరగతికి తెలుగున ఒక పేరు నిలిపి, పాఠకుడు వెదకిన చోట అది దొరకునట్లు చేయుట ఈ రెండవ విధమైన పని. పైకి సులభముగా కనిపించు ఈ పనిలోని చిక్కులు ఎట్టివో, అవి ఎట్లు విడివడునో పరిశీలించుట రచయితలకును, అనువాదకులకును ప్రయోజనకరము.

దక్షిణ అండమానున ఫెరార్‌గంజ్ తాలూకాలో చౌల్దారీ అను గ్రామము కలదు. 2011 జనాభా లెక్కలనుబట్టి అండమాన్ నికోబార్ దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతము. కావున తెలుగు విజ్ఞానకోశమును తెఱచు బాలుడు ఆ దీవుల గ్రామములలోను ఉండవచ్చును. 2024లో శ్రీవిజయపురమని పేరు మాఱిన పోర్టుబ్లెయిరు విమానాశ్రయము ఆ ద్వీపముననే యున్నది. అచ్చటికి చెన్నై, కోల్‌కతాలనుండి జెట్ విమానములు వచ్చును. నౌకాదళపు డోర్నియర్లు గస్తీ తిరుగును. దీవినుండి దీవికి హెలికాప్టర్లు ప్రయాణికులను చేర్చును. 2011 మొదలు కొంతకాలము నీటిపై దిగగల చిన్న విమానమొకటి నడచినది. ఇవి కాక, వేడుకకు ఎగురవేయు గాలిపటము ఎల్లచోటుల ఉన్నదే. ‘ఇవి యన్నియు విమానములేనా?’ అని చౌల్దారీ బాలుడు ప్రశ్నించినచో విజ్ఞానకోశము ఏమని బదులు చెప్పవలెను? ఔనన్నను, కాదన్నను పూర్తి సమాధానము కాదు. సరియైన సమాధానము వర్గీకరణమునుండియే రావలెను.

తెలుగున విజ్ఞానకోశ నిర్మాణమునకు రెండు మార్గములు ఏర్పడినవి. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞానసర్వస్వము అకారాదిక్రమమున నడచినది. అకారముతో ఆరంభమగు పదములకే మూడు సంపుటములు పట్టినవి. 1923లో ఆయన పరమపదించుటతో ఆ మహాకార్యము నిలిచిపోయినది. పిమ్మట కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దానిని పునరుద్ధరింప పూనుకొనిరి. 1947లో మద్రాసున వెలసిన తెలుగు భాషా సమితి విషయక్రమమును గైకొని, ఒక్కొక్క సంపుటమును ఒక్కొక్క శాస్త్రసముదాయమునకు కేటాయించినది. హైదరాబాదున ఖండవల్లి లక్ష్మీరంజనముగారి సంపాదకత్వమున 1958 నుండి వెలువడిన సంగ్రహాంధ్ర విజ్ఞానకోశము మఱల అకారాదిక్రమమునే అనుసరించినది.

విషయక్రమమునకు వర్గీకరణము అవసరమనుట స్పష్టమే. అకారాదిక్రమమునకు దానితో పనిలేదని కొందఱు తలపవచ్చును. అది పొరపాటు. అకారాదిక్రమమున గ్లైడరు గకారములోను, బెలూను బకారములోను, విమానము వకారములోను, హెలికాప్టరు హకారములోను పడును. నాలుగు వ్యాసములను నలుగురు వ్రాయుదురు. ముందుగా వర్గపట్టిక లేనిచో, ఱెక్కపై గాలి పైకెత్తు బలమును ముగ్గురును మొదటినుండి వివరింతురు. ఆటోజైరో ఎవరి పాలికి వచ్చునో తెలియక ఎవరును దాని మాట ఎత్తరు. ‘అది చూడుడు, ఇది చూడుడు’ అని పాఠకుని ఒక వ్యాసమునుండి వేఱొక వ్యాసమునకు పంపు సూచనలును ఆ పట్టికనుండియే పుట్టవలెను. పూలదండలో దారమువలె వర్గీకరణము అకారాదికోశమున కనబడకయే పనిచేయును.

వర్గీకరణమున మొదటి మెట్టు సామాన్యమును నిర్ణయించుట. ఏ వస్తువులను విభజింపబూనితిమో వానికన్నిటికి చెల్లు లక్షణము ఒకటి కావలెను. లక్షణమునకు రాగల దోషములు మూడని మన తార్కికులు చెప్పిరి. తర్కసంగ్రహకర్తయగు అన్నంభట్టు తన గ్రంథమునకు తానే వ్రాసిన దీపికలో వానిని ఆవును ఉదాహరణముగా గొని వివరించినాడు. ఆవు కపిలవర్ణము గలది యన్నచో తక్కిన వన్నెల ఆవులు విడిచిపోవును, ఇది అవ్యాప్తి. కొమ్ములు గలది యన్నచో గేదెయు ఆవగును, ఇది అతివ్యాప్తి. ఒంటిగిట్ట గలది యన్నచో ఏ ఆవునకును చెల్లదు, ఇది అసంభవము.

ఈ మూడు గీటురాళ్ళపై ఎగురు యంత్రముల లక్షణములను గీచి చూడవచ్చును. ‘ఱెక్కలు గల యంత్రము’ అన్నచో బెలూను విడిచిపోవును. ‘గాలిలో పోవు యంత్రము’ అన్నచో రాకెట్టు లోపలికి వచ్చును. రాకెట్టు గాలిగుండ పోవునే గాని గాలిని ఆధారము చేసికొనదు, గాలిలేని చోటనే అది మఱింత సుఖముగా పోగలదు. విమానమును ‘ఱెక్కలాడించి ఎగురు యంత్రము’ అన్నచో అట్టి విమానము ఒక్కటియు లేదు. భారతదేశమున 1934 నాటి చట్టము ఈ విషయమున ఒక చక్కని సూత్రమును ఆశ్రయించినది. గాలి ప్రతిక్రియవలన వాతావరణమున ఆధారము పొందగల యంత్రము ఏదియైనను ఈ కోవలోనిదే యని దాని భావము. బెలూనును, వాయునౌకయు, గ్లైడరును, చివరకు గాలిపటమును ఆ చట్టమున పేరుపేరున చేర్చబడినవి.

ఈ సూత్రమునకు తరువాత ఒక సవరణ కావలసివచ్చినది. 1959లో హోవర్‌క్రాఫ్టు అను క్రొత్త వాహనము ఇంగ్లీషు కాలువను దాటినది. అది తన క్రిందికి గాలిని చిమ్మి, నేలకో నీటికో కొంచెము ఎత్తున ఆ గాలిమెత్తపై తేలిపోవును. గాలియే దానికి ఆధారము. కాని ఆ గాలి భూతలమును ఒత్తుటవలననే అది నిలుచును. ఇది ఎగురుచున్నదా, ప్రాకుచున్నదా? అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ 1967లో తన నిర్వచనమును సవరించి, భూతలముపై గాలి ప్రతిక్రియవలన నిలుచునవి ఈ కోవలోనివి కావని తేల్చినది. ఒక్క వాక్యఖండముతో అతివ్యాప్తి తొలగిపోయినది. నిర్వచనము ఒకమాఱు వ్రాసి మఱచునది కాదనియు, లోకమున క్రొత్త వస్తువు పుట్టినపుడెల్ల దానిని మఱల పరీక్షింపవలెననియు ఈ వృత్తాంతము తెలుపుచున్నది.

లక్షణము కుదిరిన పిమ్మట పేరు కుదురవలెను. ఇచ్చటనే తెలుగువానికి అసలు చిక్కు. తెలుగున ‘విమానము’ అను మాట రెండర్థములలో వాడుకలో నున్నది. స్థిరమైన ఱెక్కలును, ఇంజనును గల యంత్రము ఒక అర్థము. ఆకాశమున ఎగురు యంత్రములన్నియు రెండవ అర్థము. జాతికిని, అందలి ఒక ప్రభేదమునకును ఒకే పేరుండుట నిత్యవ్యవహారమున బాధకము కాదు. విజ్ఞానకోశమున మాత్రము ఇది ప్రమాదకరము. ‘విమానములు గాలికన్న తేలికైనవి, బరువైనవి అని ద్వివిధములు’ అని ఒక పుటలోను, ‘విమానము గాలికన్న బరువైనది’ అని వేఱొక పుటలోను వ్రాసినచో రెండును నిజమే. అయినను పాఠకుడు కోశమునందు విశ్వాసము కోల్పోవును. రెండవ అర్థమునే పట్టుకొని పోయినచో సంక్రాంతి గాలిపటమును కూడ విమానమనవలసివచ్చును. ఆ ప్రయోగమును ఏ తెలుగు చెవియు సహింపదు.

ఈ చిక్కు తెలుగున మాత్రమే పుట్టినది కాదు. ఫ్రెడ్ జేన్ అను ఆంగ్లేయుడు 1909లో ప్రపంచమునందలి ఎగురు యంత్రములన్నిటికి ఒక వార్షికగ్రంథమును ప్రారంభించినాడు. దానికి ఆయన పెట్టిన పేరున ‘ఎయిర్‌షిప్’ అను మాటయే యున్నది. నాటికి ఆ మాట బెలూనుజాతికిని, రైట్ సోదరుల యంత్రమునకును సమానముగా చెల్లెను. కొలది సంవత్సరములకే ఆ మాట వాయునౌకలకు మాత్రమే పరిమితమై, ‘ఎయిర్‌క్రాఫ్ట్’ అను మాట సామాన్యనామముగా స్థిరపడినది. గ్రంథనామమును అట్లే మాఱినది. వస్తువులు పెరిగినకొలది వ్యాపకమైన మాట సంకుచితమగుటయు, దాని స్థానమునకు మఱొక మాట వచ్చుటయు భాషాధర్మము. తెలుగును ఆ మాఱుపాటు దశలోనే యున్నది.

సామాన్యనామముగా ఏ మాట తగును? ‘వ్యోమయానము’ అమరకోశమున విమానమునకు పర్యాయమే. కాని నేడు వ్యోమశబ్దము వాతావరణమునకు పైనున్న ప్రదేశమునకు కేటాయింపబడినది. ‘వ్యోమనౌక’ అనగానే అంతరిక్షమునకు పోవు నౌక స్ఫురించును. ‘గగనయానము’ అన్నచో భారతదేశము మానవుని అంతరిక్షమునకు పంపదలచిన కార్యక్రమము మనసునకు వచ్చును. మిగిలినది ‘వాయుయానము’. ఆధారము గాలియే యను లక్షణము ఈ మాటలోనే యిమిడియున్నది. పైగా 1934 చట్టమునకు బదులుగా వచ్చి 2025 జనవరి 1 నుండి అమలులోనున్న శాసనమునకు ‘భారతీయ వాయుయాన్ అధినియమ్, 2024’ అనియే పేరు. అయితే ‘యానము’ అను మాటకు వాహనమనియు, ప్రయాణమనియు రెండర్థములు కలవు. కావున వాయుయానము వాహనమునకు, విమానయానము ప్రయాణవ్యవస్థకు అని కోశపు పీఠికలోనే నియమము చేయుట మేలు. విమానాశ్రయము, విమానదళము మొదలగు సమాసములు నిలద్రొక్కుకొన్నవి. వానిని మాఱ్పబూనుట వృథాశ్రమ. ఏకాకిగా వాడినపుడు మాత్రము విమానము అనగా స్థిరపక్షములు గల యంత్రమే యని పాటించిన చాలును.

ఇంక విభజనము. అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ 1949లో అంగీకరించిన ఏడవ అనుబంధమున ఒక పట్టికను కూర్చినది. దేశదేశముల వాయుయానముల నమోదునకు ఉద్దేశింపబడినదైనను, తర్కశుద్ధిగల పట్టిక యగుటచే విజ్ఞానకోశమునకును పునాది కాదగినది. అందు ఒక్కొక్క మెట్టున ఒక్కొక్క ప్రశ్న మాత్రమే అడుగబడును.

మొదటి ప్రశ్న: ఈ యంత్రము గాలిలో దేనివలన నిలుచుచున్నది? నీటిలో బెండు తేలినట్లు గాలిలో తేలునది గాలికన్న తేలికైనది. గాలిని త్రోసి, ఆ త్రోపుడువలన పైకి లేచునది గాలికన్న బరువైనది. రెండవ ప్రశ్న: దానికి ఇంజను కలదా, లేదా? తేలికైనవానిలో ఇంజను లేనిది బెలూను, ఉన్నది వాయునౌక. 1783లో ఫ్రాన్సున మోంగొల్ఫియే సోదరులు వేడిగాలితో లేపినది మొదటి కోవకును, 1900లో జర్మనీలో జెప్పెలిన్ ఎగురవేసినది రెండవ కోవకును చెందును. త్రాటితో నేలకు కట్టిన బెలూను వేఱు, స్వేచ్ఛగా పోవు బెలూను వేఱు. వాయునౌకలలో దృఢమైన చట్రము గలవి, కొంత చట్రము గలవి, చట్రము లేనివి యని మూడు తెగలు.

బరువైనవానిలో ఇంజను లేనివి గ్లైడరును, గాలిపటమును. ఇంజను గలవానికి మూడవ ప్రశ్న: పైకెత్తు బలము ఎట్టి ఱెక్కలవలన కలుగుచున్నది? కదలని ఱెక్కలైనచో విమానము. 1903 డిసెంబరు 17న రైట్ సోదరులు ఎగురవేసినది ఇట్టిది. గిరగిర తిరుగు ఱెక్కలైనచో రోటరుయానము. పక్షివలె కొట్టుకొను ఱెక్కలైనచో ఆర్నిథాప్టరు. రోటరుయానములలో మఱల రెండు: తలపైని ఱెక్కలను ఇంజను త్రిప్పునది హెలికాప్టరు, ముందుకు పోవునపుడు తగులు గాలిచేతనే ఆ ఱెక్కలు తిరుగునది ఆటోజైరో. స్పెయిను దేశీయుడు హువాన్ దె లా సియెర్వా 1923లో ఎగురవేసిన ఆటోజైరోకు చూపున హెలికాప్టరు పోలిక యున్నను, ఇంజను చేయు పని వేఱు. ఆకారమును చూచి వర్గము నిర్ణయింపరాదనుటకు ఇది మంచి దృష్టాంతము.

చివరి ప్రశ్న: అది దిగు తావు ఏది? నేలపై దిగునది భూవిమానము, నీటిపై దిగునది జలవిమానము, రెంటిపై దిగునది ఉభయచర విమానము. ఈ విభజనము విమానములకు మాత్రమే కాక రోటరుయానములకును చెల్లును.

ఇంతవఱకు గమనించిన పాఠకునకు చౌల్దారీ బాలుని ప్రశ్నకు సమాధానము దొరకినది. అన్నియు వాయుయానములే. జెట్టును, డోర్నియరును విమానములు. హెలికాప్టరు విమానము కాదు. గాలిపటము శాసనరీత్యా వాయుయానమే యైనను విమానము కాదు. నీటిపై దిగినది విమానమే. అందు ఏ తెగకు చేరునను ప్రశ్న మాత్రము కొంత విచారింపదగినది.

2010 డిసెంబరు 30న ‘జలహంస’ అను పేరుతో పవన్‌హంస్ సంస్థయు, అండమాన్ పరిపాలనయు కలిసి ఆరంభించిన సేవకు సెస్నా 208ఏ విమానమును వినియోగించిరి. దానికి క్రింద పడవలవంటి రెండు బోలుదోనెలు కలవు. ఆ దోనెలలోనుండి చక్రములు వెలికి దిగును. విమానాశ్రయమున చక్రములపై లేచి, హేవ్‌లాక్ వంటి దీవుల దగ్గఱ నీటిపై దోనెలతో దిగుట దాని తీరు. ప్రకటనలలో అది జలవిమానము, పట్టికలో ఉభయచరము. కోశకర్త రెండవ పేరునే ఇచ్చి, మొదటి పేరు క్రింద ‘ఉభయచర విమానము చూడుడు’ అని సూచింపవలెను. ప్రజలు వాడు పేరుతో వెదకువాడు దారి తప్పరాదు. దారి చూపిన చోట మాత్రము శాస్త్రసమ్మతమైన పేరు ఉండవలెను.

ఆ దీవులు జలవిమానములను అంతకు చాలముందే ఎఱుగును. 1942 మార్చి 23న జపాను సైన్యము అండమాను దీవులను ఆక్రమించిన తరువాత జపాను నౌకాదళపు పెద్ద జలవిమానములు పోర్టుబ్లెయిరు రేవును స్థావరముగా చేసికొన్నవి. వానికి దోనెలు ప్రధానము కాదు; విమానపు ఒడలే పడవ. కావున జలవిమానములలో దోనెవిమానము, పడవవిమానము అని మఱియొక ఉపవిభాగము అవసరమగును. అదే యేడు ఏప్రిల్ 6న విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు విడిచిన జపాను విమానములు సముద్రముననుండి వచ్చినవే; కాని అవి విమానవాహక నౌకపైనుండి చక్రములతో లేచినవి. నౌకపైనుండి వచ్చినంతమాత్రమున అవి జలవిమానములు కావు. విశాఖ సముద్రతీరమున 2017 డిసెంబరులో ప్రదర్శనశాలగా మాఱిన టీయూ-142 విషయమును ఇట్టిదే. సముద్రముపై గస్తీ తిరిగి జలాంతర్గాములను వెదకుటయే దాని వృత్తి; దిగుటకు మాత్రము దానికి నేలయే కావలెను. పనికి సంబంధించిన పేరును, నిర్మాణమునకు సంబంధించిన పేరును కలిపివేయుటవలన కలుగు పొరపాట్లలో ఇది ముఖ్యమైనది.

దీనినుండి వర్గీకరణమున ప్రధాననియమము ఒకటి తేలుచున్నది: ఒక మెట్టున ఒకే భేదకధర్మము. ‘విమానములు: యుద్ధవిమానములు, జెట్ విమానములు, రెండు ఱెక్కల విమానములు, సరకు విమానములు’ అని వ్రాసిన జాబితా చూచుటకు నిండుగా నుండును. కాని అందు మొదటిది పనినిబట్టి, రెండవది ఇంజనునుబట్టి, మూడవది ఆకారమునుబట్టి, నాలుగవది మఱల పనినిబట్టి యేర్పడినవి. జెట్ ఇంజను గల యుద్ధవిమానము రెండు చోట్ల పడును. పంకా ఇంజనుతో ప్రయాణికులను మోయు విమానము ఎక్కడను పడదు. ఇట్టి జాబితాలు పాఠ్యగ్రంథములలో తఱచు కనబడుటయు, పరీక్షలకై పిల్లలు వానిని వల్లించుటయు శోచనీయము.

డ్రోనుల విషయమున ఈ పొరపాటునకు నేడు ఎక్కువ అవకాశము కలదు. విమానము, హెలికాప్టరు, డ్రోను అని వరుసగా మూడు జాతులు చెప్పుట వాడుకయైనది. మనుష్యుడు లోపల లేకుండుట యొక గుణము. అది ఏ జాతికైనను పట్టవచ్చును. భారతప్రభుత్వపు 2021 డ్రోను నియమములే మానవరహితములను విమానములు, రోటరుయానములు, రెంటి లక్షణములు గల సంకరములు అని విభజించినవి. తరువాత బరువునుబట్టి 250 గ్రాముల వఱకు నానో, 2 కిలోగ్రాముల వఱకు మైక్రో, 25 వఱకు స్మాల్, 150 వఱకు మీడియం, ఆపైని లార్జ్ అని వేఱొక వరుస కూర్చినవి. రెండు వరుసలను రెండుగానే యుంచుట అందలి మేలు.

బరువు అనగానే మఱొక మెలకువ అవసరము. గగనమార్గనియంత్రణము చేయువారు వాయుయానములను బరువునుబట్టియే చూతురు. ముందుపోవు దాని వెనుక లేచు గాలిసుడులు వెనుక వచ్చుదానిని తలక్రిందులు చేయకుండ ఎడము పాటింపజేయుట వారి పని. 7,000 కిలోగ్రాముల వఱకు తేలిక తరగతి, 1,36,000 కిలోగ్రాములు మొదలు బరువు తరగతి, నడుమ మధ్యమము. ఏ380 వంటి మహాకాయమునకు వేఱు తరగతి. ఇచ్చట డోర్నియరు తేలికది. మొదటి పట్టికలో అదే డోర్నియరు గాలికన్న బరువైనది. 1937లో కాలిపోయిన హిండెన్‌బర్గ్ వాయునౌక రెండువందల టన్నులకు పైబడినది. అయినను అది గాలికన్న తేలికైనదే. తెలుగున రెండు చోట్లను ‘తేలిక, బరువు’ అను మాటలే వాడినచో శాస్త్రము హాస్యాస్పదమగును. గాలితో పోల్చునపుడు ‘గాలికన్న తేలికైనది’ అని పూర్తిగా చెప్పి, తరగతి తెలుపునపుడు ‘లఘుభారము, గురుభారము’ అని వాడినచో ఈ ఆపద తప్పును. అనువాదకుని మెలకువ శాస్త్రజ్ఞుని లెక్కయంత అవసరమనుటకు ఇంతకన్న నిదర్శనము అక్కఱలేదు.

ఏ వర్గీకరణమును స్వతస్సిద్ధము కాదు. ప్రతిదానికి వెనుక ఒక ప్రయోజనము కలదు. గ్రంథాలయపు లెక్కలో కూడ ఈ సంగతి కనబడును. డ్యూయీ దశాంశపద్ధతిలో విమాననిర్మాణము 629.13 క్రిందను, విమానములచే జరుగు రవాణా 387.7 క్రిందను, వైమానికదళములు 358.4 క్రిందను చేరును. ఒకే విమానమునుగూర్చిన మూడు గ్రంథములు మూడు బీరువాలలోనికి పోవును. ఇట్టి చిక్కునకు మూలమును పట్టినవాడు మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా పనిచేసిన ఎస్. ఆర్. రంగనాథన్. 1933లో ఆయన ప్రకటించిన కోలన్ పద్ధతి ప్రతి విషయమును ఒకే కొమ్మపై కూర్చుండబెట్టక, దాని ముఖములను వేఱువేఱుగా గుర్తించి, చుక్కల గుర్తులతో కలుపును. వస్తువు ఒకటి, అందు జరుగు క్రియ ఒకటి, దేశము ఒకటి, కాలము ఒకటి.

విజ్ఞానకోశమునకు ఈ రెండు పద్ధతులను జతపఱచుట ఉచితముగా తోచును. వ్యాసమునకు స్థిరనివాసము ఒకటే యుండవలెను. అది నిర్మాణమునుబట్టి, ఏడవ అనుబంధపు పట్టికనుబట్టి నిర్ణయింపవలెను. నిర్మాణము పాలకుల యాజ్ఞతోను, వ్యాపారముతోను మాఱునది కాదు; ప్రయాణికుల విమానము రేపు సరకు విమానము కావచ్చును, ఱెక్క మాత్రము ఱెక్కగానే యుండును. పని, ఇంజను, బరువు, దేశము, కాలము మొదలగు తక్కిన ముఖములు సూచికలో చేరవలెను. ‘నౌకాదళము’ అను మాట క్రింద వెదకువానికి టీయూ-142 దొరకవలెను. ‘అండమాను’ క్రింద వెదకువానికి జలహంస దొరకవలెను.

ఎంత జాగ్రత్తగా కూర్చినను కొన్ని యంత్రములు పట్టికను ధిక్కరించును. 1983 నుండి 2016 వఱకు భారత నౌకాదళమున నున్న సీ హారియరు నిలువునా క్రిందికి దిగగలదు. అయినను ప్రయాణమున దానిని మోయునది స్థిరమైన ఱెక్కయే కావున అది విమానమే. 1989లో మొదట ఎగిరిన ఆస్ప్రే లేచునపుడు రోటరుయానము, పోవునపుడు విమానము. దానికై ‘ఇంజనుబలముననే పైకి లేచునవి’ అను అర్థముగల క్రొత్త వర్గమునే యేర్పఱుపవలసివచ్చినది. ఇట్టివానిని బలవంతముగా పాత గదులలోనికి నెట్టరాదు. ‘ఇతరములు’ అను మూలకును విసరరాదు. రెండు తరగతుల నడుమ నిలిచిన వస్తువు ఆ తరగతుల హద్దును స్పష్టపఱచును. కావున దానికి కొంచెము పెద్ద వ్యాసమే కేటాయించుట న్యాయము.

చివరిది, తెలుగు కోశకర్తకు ప్రత్యేకమైనది, పుష్పకము సంగతి. విమానశబ్దము చూడగానే రామాయణమున కుబేరునినుండి రావణునికి, రావణునినుండి రామునికి చేరిన పుష్పకము జ్ఞప్తికి వచ్చుట సహజము. ఆలయశిల్పమున గర్భగృహముపై నిర్మాణమునకును విమానమనియే పేరు. తిరుమలలోని ఆనందనిలయ విమానము ఆంధ్రులకెల్ల పరిచితము. ఈ మూడును ఒకే పదము, మూడు పదార్థములు. విమానము (కావ్యపురాణములు), విమానము (ఆలయశిల్పము), విమానము (యంత్రము) అని మూడు వేఱు శీర్షికలు ఉండవలెను. పుష్పకమును యంత్రముల చరిత్రకు మొదటి పుటగా వ్రాయుట దానికి గౌరవము కాదు. కవి కల్పనను ఇంజనీరు లెక్కతో కొలుచుట యగును. 20వ శతాబ్ది తొలిభాగమున సుబ్బరాయశాస్త్రిగారు చెప్పగా వ్రాయబడిన వైమానికశాస్త్రమును బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థ పండితులు 1974లో పరీక్షించి, అందలి యంత్రములు ఎగురజాలవని నిర్ణయించిరి. ఆ గ్రంథమునకు కోశమున చోటుండవచ్చును. ఆ చోటు ఆధునిక గ్రంథచరిత్రలో గాని వాయుయానముల వర్గపట్టికలో కాదు. పుష్పకము మాత్రము కావ్యలోకమున ఎవరి ధ్రువీకరణమును కోరక శోభించుచునే యున్నది.

పారిభాషికపదముల విషయమున రచయితలు పాటింపదగినవి మూడు. తెలుగువారి నోట నాటుకొన్న హెలికాప్టరు, గ్లైడరు, బెలూను, రోటరు, డ్రోను వంటి మాటలకు బలవంతపు సంస్కృతీకరణము అక్కఱలేదు. తెలుగు ప్రత్యయము చేరినచో అవి తెలుగు మాటలే. సామాన్యమును, విశేషమును తెలుపు మాటలు మాత్రము మన భాషలోనివి కావలెను. జాతికిని, ప్రభేదమునకును గల సంబంధము వానియందే కనబడవలెను. వాయుయానము, భూవిమానము, జలవిమానము, ఉభయచర విమానము అను వరుసలో ఆ సంబంధము వివరణము లేకయే తెలియును. ఒకమాఱు నిర్ణయించిన మాటను సంపుటములన్నిటను ఒకే యర్థమున వాడవలెను. సొగసుకై పర్యాయపదములు మాఱ్చుట కావ్యమున అలంకారము, కోశమున దోషము.

వర్గీకరణము వస్తువులను బంధించుటకు కాదు, చదువరిని విడిపించుటకు. పట్టిక చక్కగా కుదిరినచో ఏ దీవిలోని పాఠకుడైనను తన తలమీదుగా పోయినదానిని రెండు మూడు ప్రశ్నలతో గుర్తింపగలడు: అది దేనివలన నిలుచుచున్నది? ఇంజను కలదా? ఱెక్క కదలుచున్నదా? ఎచ్చట దిగును? ఈ ప్రశ్నలను తెలుగున స్పష్టముగా అడుగ నేర్పిన కోశము తాను ముద్రించిన విషయముకన్న ఎక్కువనే బోధించును. ఇంకను పుట్టని యంత్రమునకును ఆ పాఠకుడు తానే చోటు చూపగలడు.